కల్లు దుకాణంలో మజ్జిగ సీసా

మొన్న పొద్దున కోరుట్ల బస్టాండు ముందర జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. మోపెడ్‌కు రెండు పక్కలా ప్లాస్టిక్ క్యాన్లు కట్టుకుని ఒక గౌడాయన నా ముందు నుంచే పోయాడు. క్యాను మూత వదులుగా ఉన్నట్టుంది, బండి గతుకులో ఎగిరినప్పుడు నాలుగు చుక్కలు తారురోడ్డు మీద చిందాయి. ఈత కల్లు. పులుపులో తీపి, ఆ తీపి అడుగున ఎక్కడో పచ్చి ఆకు వాసన. అది ముక్కుకు సోకగానే బస్టాండు, పండ్ల బండ్లు, హారన్లు అన్నీ నీళ్లలోంచి చూసినట్టు ఊగి పలుచబడ్డాయి. వాటి వెనక లచ్చవ్వ దుకాణం కనిపించింది. తడక సందుల్లోంచి గీతలు గీతలుగా పడే ఎండ, కడిగి బోర్లించిన సీసాల వరస, వాటి మధ్య ఎత్తుగా కదిలే ఒక మనిషి. నా బస్సు వచ్చి పోయింది. నేను ఎక్కలేదు.

లచ్చవ్వను మీరు చూడలేదు. నన్ను కూడా చూడలేదు కాబట్టి ముందు నా సంగతి చెప్తాను. నేను ఈ రాష్ట్రం కోసం నెత్తురు ధారపోసిన మనిషిని. పేరు నర్సయ్య. బడిలో అటెండరు పని, చేతిలో డప్పు. ఉద్యమం రోజుల్లో నేను సిర్రపుల్ల ఎత్తి దరువేస్తే కోరుట్ల నుంచి జగిత్యాల దాకా ఒక్క బస్సు కదిలేది కాదు. కొండగట్టు మీద కోతులు కూడా నా దరువుకు అడుగు కలిపేవి. మా బృందం పోని ఊరు లేదు. గంభీరావుపేట, కోనరావుపేట, సిరిసిల్ల, ఎక్కడ సభ పెట్టినా ముందు మా డప్పు మోగాలి, ఆ తరువాతే నాయకుడు నోరు తెరవాలి.

సరే, బస్సులు ఆగింది బంద్ వల్ల. ఆ రోజు నేను ఇంట్లో పండుకున్నా ఆగేవి. కోతుల మాట మీరు నమ్మలేదని నాకు తెలుసు. నెత్తురు మాట మాత్రం నిజమే, కాకపోతే అది మీరు అనుకునే తీరులో కాదు. దాని దగ్గరికి వస్తాను.

లచ్చవ్వది కోరుట్ల శివారులో, ఈతవనం అంచున తడకల దుకాణం. చెట్లెక్కే పెనిమిటి చనిపోయాక ఇంక మూసేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె మూయలేదు. వాళ్ల కులపాయన ఒకరు చెట్లు గీసి తెచ్చేవాడు, ఆమె సీసాల్లో నింపి అమ్మేది. కొంగు నడుముకు బిగించి, ఒక్కో సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేది. గొంతు పెద్దది, నవ్వు తక్కువ. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేవాణ్ణి. కోపం వస్తే నర్సిగా అనేది, లేకపోతే తమ్మీ. నేను నర్సిగాణ్ణి అయిన రోజులే ఎక్కువ.

మా డప్పు వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పిలిచిన వాళ్లు మొదటి సీసా డప్పు కొట్టేవాడి చేతిలో పెట్టాలి. అతను నాలుగు చుక్కలు నేల మీద సాక పోయాలి. అది అమ్మవారికి, చనిపోయిన పెద్దలకు. తరువాత తను ఒక గుక్క వేసి, అప్పుడు సిర్ర అందుకోవాలి. తోలును మంట మీద కాపకుండా కొడితే మోగనట్టే, మనిషి గుక్క వేయకుండా కొడితే దరువు పలకదని మా నాన్న నమ్మాడు, నేనూ నమ్మాను. వద్దంటే పిలిచిన వాళ్ల మొహం మీద కొట్టినట్టే. కాబట్టి సభ ఎన్నిచోట్ల ఉంటే అన్నిచోట్ల కల్లు. ఆ ఏళ్లలో సభ లేని రోజు ఎక్కడిది?

ఇక నెత్తురు సంగతి. కోరుట్లలో ఒకనాడు దీక్షా శిబిరం పక్కనే రక్తదాన శిబిరం పెట్టారు. డప్పు దింపి అందరికంటే ముందు నేనే మంచమెక్కాను. పడుకుని కూడా పిడికిలి ఎత్తి జై తెలంగాణ అంటుంటే, సూది గుచ్చుతున్న పిల్ల "కాకా, నినాదం నోటితోని ఇయ్యి, చెయ్యి కదపకు" అన్నది. ఒక సంచి నిండింది. అరటిపండు పెట్టారు, బిస్కెట్లు పెట్టారు. నేను ధారపోసిన నెత్తురు అదే. అది కూడా ఎవరికీ ఎక్కలేదు. కొన్నాళ్లకు రక్తనిధి వాళ్లు ఫోను చేసి, మీ రక్తంలో ఏదో కనిపించింది, జగిత్యాలలో పెద్ద డాక్టరుకు చూపించుకోండి అన్నారు.

ఆ డాక్టరు చిన్న వయసు ఆడమనిషి, ఈ ప్రాంతం ఆమెది కాదు. కాగితాలు చూసి, మీకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని అడిగింది. పడుచు వయసులో ట్రాక్టరు బోల్తాపడి కాలు నుజ్జయినప్పుడు ఎక్కించారని చెప్పాను. "అప్పట్లో రక్తానికి ఈ పరీక్ష ఉండేది కాదు. అప్పుడే వచ్చి ఉండొచ్చు" అంది. హెపటైటిస్ సి అని దాని పేరు చెప్పింది. నొప్పి తెలియకుండా, జ్వరం తెలియకుండా, ఇన్నేళ్లూ లివర్‌లో కూర్చుని దాన్ని కొంచెం కొంచెంగా గట్టిపరుస్తూ వచ్చిందట.

"తాగుతారా?" అని అడిగింది.

"లేదు మేడం."

"అసలు తాగరా?"

"కల్లు ఒకటి తాగుత."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మరి తాగనన్నారు కదా."

"కల్లు తాగుడెట్ల అయితది మేడం? గది చెట్టు మీదికెల్లి అస్తది. మా దిక్కు పసిరికెలు, గదే కామెర్లు, అయితే పొద్దుగాల ఈత కల్లే పోస్తరు, లివరుకు సలువ అని."

నేను నవ్వించడానికి అనలేదు. నిజంగానే అన్నాను. మా ఇళ్లల్లో బ్రాందీ సీసా పట్టుకున్నవాడు తాగుబోతు, కల్లు సీసా పట్టుకున్నవాడు చుట్టం. ఆమెకు కోపం రాలేదు. అందరికీ ఇదే చెప్పీ చెప్పీ అలవాటైన గొంతుతో మెల్లగా చెప్పింది. "నర్సయ్యగారూ, ఈ వైరస్ ఒక్కటే ఉంటే లివర్ పాడవడానికి చాలా ఏళ్లు పట్టొచ్చు. తాగుడు తోడైతే ఆ ఏళ్లు కరిగిపోతాయి. అది విస్కీయా, బీరా, చెట్టు మీద నుంచి వచ్చిందా అని లివర్ అడగదు. కొంచెం తాగితే ఏం కాదు అనే మాట మీకు వర్తించదు." వారం వారం ఇచ్చే సూదులు ఉన్నాయనీ, నా రక్తం వాటిని తట్టుకునేలా లేదనీ, కొత్త గోళీలు వస్తాయని అంటున్నారనీ చెప్పింది. "అవి వచ్చేదాకా లివర్‌ను నిలబెట్టుకోవడం మీ పని" అంది.

తిరిగి వస్తుంటే బస్సు కిటికీలోంచి మక్కచేన్లు నిద్రలో కదిలినట్టు వెనక్కి పోతున్నాయి. నాకు అర్థమైన భాషలో నేను దాన్ని చెప్పుకున్నాను. డప్పును మంట మీద కాపితే తోలు బిగుసుకుంటుంది. ఇంకా కాపితే గట్టిపడుతుంది. అలా గట్టిపడిన తోలును నీళ్లలో నానబెట్టినా మళ్లీ మెత్తబడదు, ఒకనాడు పగులుతుంది. నా లోపల ఎవరో ఇన్నేళ్లుగా తోలు కాపుతున్నారు, ఆ మంటలో నేను కల్లు పోస్తున్నాను, చల్లారుతుందని.

ఇంటికి వచ్చి నా భార్య సత్తవ్వకు చెప్పాను. కలిసి తింటే అంటదు, తాకితే అంటదు, నెత్తురు తగిలితేనే, నా గడ్డం బ్లేడు వేరుగా పెట్టాలి అన్నాను. ఆమె అంతా విని "బ్లేడు సంగతి సరే. సీసా సంగతేంది?" అని మాత్రం అడిగింది.

అదే కదా చిక్కు. బృందంలో ఎవరికీ చెప్పదలచుకోలేదు. రోగం పేరు తెలిస్తే పక్కన కూర్చునేవాడు కొంచెం జరుగుతాడు. తరువాత ఇంకొంచెం జరుగుతాడు. ఒకనాడు చూస్తే చాప మీద నేనొక్కణ్ణే ఉంటాను. దుకాణానికి పోకపోతే ఎందుకు రాలేదంటారు. పోయి తాగకపోతే ఏమైందంటారు. మర్నాడు జనం లేని వేళ చూసి లచ్చవ్వ దగ్గరికి పోయాను.

"అక్కా, ఇగ నాకు కల్లు పొయ్యకు."

"ఏం, మొక్కుకున్నవా?"

"లివరు."

సీసా కడుగుతున్న చేయి ఆగింది. "పసిరికెలా?"

"కాదు. ఏందో సి అంట. లోపల్నే ఉన్నదట, ఎన్నేండ్లో."

"ఎవలకన్న చెప్పినవా?"

"సత్తికి చెప్పిన. నీకు చెప్తున్న."

"సాలు. ఊరంత సాటింపెయ్యకు. డప్పు నీ దగ్గర్నే ఉన్నదని సాటేటట్టున్నవ్." కాసేపు ఈతవనం దిక్కు చూసింది. "రేపు ఎప్పట్లెక్కనే రా. నీ జాగల నువ్వు కూసో" అన్నది.

మర్నాడు అందరి మధ్యా కూర్చున్నాను. వరసగా సీసాలు ఇచ్చుకుంటూ వచ్చి నా ముందు కూడా ఒకటి పెట్టింది. అదే పచ్చ సీసా, అదే తెలుపు, మూతి దగ్గర అదే నురగ. చెప్పినా పోసింది కదా అనుకున్నాను. సాక పోసి, భయపడుతూ పెదవికి తాకించాను. మజ్జిగ. పలుచగా చేసి, కవ్వంతో చిలికి నురగ తెప్పించి, ఉప్పు, జీలకర్ర వేసి సీసాలో నింపిన మజ్జిగ. తల ఎత్తి చూస్తే ఆమె అప్పటికే ఇంకెవరినో శనగ గుడాలు కావాలా అని అడుగుతోంది.

మొదటి రోజులు కష్టంగా గడిచాయి. చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు, చెమటలు. డాక్టరు దానికీ గోళీలు ఇచ్చింది. ఆ తరువాత ఒక మెత్తని అలసట పట్టుకుంది. జబ్బుదో, కల్లు మానినందుకో తెలియదు. మధ్యాహ్నం పూట కళ్లు తెరిచి ఉండగానే కల కనేవాణ్ణి. ఎక్కడో ర్యాలీ పోతున్నట్టు, జనమంతా నీళ్ల అడుగున నడుస్తున్నట్టు, నా డప్పు నాకే దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉండేది. ఆ ఏళ్లు ఇప్పుడు గుర్తు చేసుకున్నా అలాగే వస్తాయి. గులాబీ రంగు పొగమంచులో మొహాలు తేలి వచ్చి పోతాయి. అందులో తడవని గొంతు ఒక్కటే: "నర్సిగా, సీసా ఆడ పెట్టిన, సూస్కో."

మా బృందంలో ఎల్లయ్య అని ఉండేవాడు. ఎదుటివాడి సీసా ఎప్పుడూ రుచిగా ఉంటుందని అతని నమ్మకం. ఒకనాడు నేను డప్పు కాపుతుంటే నా సీసా ఎత్తి గటగటా వేశాడు.

"లచ్చవ్వా, గిదేం కల్లే? జీలకర్ర వాసనొస్తున్నది."

లచ్చవ్వ కనురెప్ప కదలలేదు. "గది కొత్త చెట్టుది. అందరికి పడది. కడుపుల తిప్పుతుందా?"

ఎల్లయ్య పొట్ట మీద చేయి పెట్టుకుని ఆలోచించాడు. "తిప్పుతున్నది గద."

"గందుకే ఒగని సీసా ముట్టొద్దంటరు. ఈడ పెట్టి పో, నర్సిగానికి అలవాటైంది."

మర్నాటి నుంచి ఊళ్లో ఒక పుకారు. లచ్చవ్వ దగ్గర జీలకర్ర కల్లు ఉందట, నర్సయ్యకు తప్ప పోయదట. ఇద్దరు ముగ్గురు అడగడానికి కూడా వచ్చారు. కొత్త చెట్టు ఎండిపోయిందని చెప్పి పంపేసింది.

నవ్వులు సరే, నాలో ఒక ప్రశ్న మెదులుతూనే ఉండేది. ఒకనాడు అడిగేశాను. "అక్కా, అందరికి అమ్ముతవ్. నన్నొక్కన్ని ఆపుతవ్. వాళ్లకు లివర్లు లేవా?"

ఆమె గుడాల గిన్నె తీసి నా ముందు పెట్టింది. "మీ బావకు సుత ఉబ్బింది" అన్నది. "కడుపుబ్బింది, కాళ్లుబ్బినయ్. కండ్లు పసుపు పూసినట్టు. దవఖానోళ్లు తాగద్దన్నరు. పొద్దుగాల చెట్టు మీదికెల్లి దించినంక ఒక్క ఆకుపట్ట తాగుత, మందు లెక్క అన్నడు. నేనే పోసిచ్చిన. ఆయినె అడుగుతె పోసిన, సలువజేస్తదని అడగకపోయిన పోసిన." గొంతు మారలేదు. "దుకాణం ఇడిస్తే నా బిడ్డ సదువు ఎట్ల నడుస్తది? గందుకే అమ్ముతున్న. వాళ్లకేం గాదని గాదు. తెల్సినంక పోసుడు నాతోని గాదు. గంతే."

ఆమె బిడ్డ పేరు స్వరూప. అప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. ఇంటికి వచ్చినప్పుడు మజ్జిగ చిలకడం ఆ పిల్ల పని. నన్ను మామా అనేది. "మామా, నీ కల్లు తయారైంది" అని కన్ను గీటేది.

సిరిసిల్ల సభ సంగతి చెప్పకపోతే లచ్చవ్వ మీకు తెలియదు. ఆ రోజు సమ్మె. ఎప్పుడు పోయినా సిరిసిల్లలో ముందు వినిపించేది సాంచల, అంటే మరమగ్గాల చప్పుడు. గోడలోంచి, నేలలోంచి, తాగే నీళ్లలోంచి కూడా వస్తున్నట్టు ఉండేది. ఆనాడు మగ్గాలన్నీ ఆపేశారు. బస్సు దిగితే ఊరు ఊపిరి బిగబట్టినట్టు ఉంది. నడుస్తుంటే మన చెప్పుల చప్పుడు మనకు వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దంలో మా డప్పు పడేసరికి వీధి వీధి నుంచి జనం కలలో లేచి వచ్చినట్టు వచ్చారు. లక్ష మంది ఉంటారు. లక్ష కాదు, చౌరస్తా నిండింది. చౌరస్తా కూడా చిన్నదే అనుకోండి.

వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు, రోడ్డు మీదే అన్నం. మా ఊరి ఆడవాళ్లతో కలిసి లచ్చవ్వ కూడా వచ్చింది. పిలిచిన నేత పెద్దమనిషి ఒకాయన లొట్టి నిండా కల్లు తెప్పించి, మొదటి సీసా నింపి, అందరి ముందూ నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. ఏం చేయను? వందల కళ్లు నా మీదే ఉన్నాయి. సాక పోశాను. ఇక గుక్క వేయాలి. సీసా పైకి లేచింది. నా చేయి నన్ను అడగలేదు.

ఆడవాళ్లను తోసుకుంటూ లచ్చవ్వ వచ్చింది. నా చేతిలో సీసా లాక్కుంది. "గింతేనా సాక పోసుడు? గింత పెద్ద పనికి పోతున్నం, అమ్మోరికి నాలుగు చుక్కలు సరిపోతయా?" అని ఆ సీసా మొత్తం నేల మీద కుమ్మరించింది. కల్లు మట్టిలోకి ఇంకుతుంటే జనం కేకలు వేశారు. పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత భక్తి నేను ఎక్కడా చూడలేదన్నాడు. ఆమె సంచిలోంచి పచ్చ సీసా తీసి నా చేతిలో పెట్టి, చెవి దగ్గర మెల్లగా "కొట్టు ఇగ. కొట్టకుంటె నిన్ను కొడుత" అన్నది. ఆ మధ్యాహ్నం కొట్టిన దరువు నేను మళ్లీ ఎప్పుడూ కొట్టలేదు. మజ్జిగ మీద కొట్టాను. మా నాన్న నమ్మింది తప్పని నాకు ఆనాడే తెలిసింది.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేని ముక్క. ఒక ఎండాకాలం, సిరిసిల్లలో ఊరేగింపు ముగించుకుని వస్తూ మల్యాలలో బస్సు దిగాను. నిప్పులు కురుస్తున్నాయి. ఒళ్లంతా మండుతోంది, కడుపు బరువుగా ఉంది. చెట్ల కింద ఒకాయన అప్పుడే దించిన లొట్టి పెట్టుకుని కూర్చున్నాడు. "తేటది కాకా, పులవలే. ఎండకు సలువ" అన్నాడు. పులవనిది కల్లు కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎండలో ఉన్న లొట్టి దించిన నిమిషం నుంచే పులుస్తుందని ఈతవనం అంచున పుట్టినవాణ్ణి నాకు తెలియదా? అయినా ఆ చలువ మాట మా రక్తంలో వైరస్ కంటే ముందు నుంచీ ఉంది. ఒక్క సీసా తాగాను. లచ్చవ్వ చేతి మజ్జిగకు నేను ద్రోహం చేసింది ఆ ఒక్కసారే.

కొద్దిరోజులకు బడిలో గంట కొడుతుంటే కడుపులోంచి ఏదో పొంగి వచ్చింది. నోరు తెరిస్తే నెత్తురు. తెల్ల చొక్కా మీద, గంట మీద, మెట్ల మీద. పిల్లలు కేకలు పెట్టడం కనిపించింది, వినిపించలేదు. జగిత్యాలలో గొంతులోకి గొట్టం దించి, ఉబ్బి చిట్లిన నరాలకు రబ్బరు రింగులు వేశారు. లివర్ గట్టిపడినప్పుడు నెత్తురుకు దారి దొరక్క అలా ఉబ్బుతాయట. అదే డాక్టరు వచ్చి మంచం పక్కన నిలబడింది. తాగారా అని అడగలేదు. "ఇది సిర్రోసిస్. ఇక్కడి నుంచి వెనక్కి పోవడం కష్టం. ముందుకు పోకుండా ఆపొచ్చు" అంది.

లచ్చవ్వ దుకాణం మూసి వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. తిడుతుందని చూశాను. తిట్టలేదు. సత్తవ్వ చాయ్ తేవడానికి పోయినప్పుడు నా చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఆయినె సుత గిదే మంచం మీద ఉండె. గీ వార్డుల్నే" అన్నది. "నాకు మల్ల గీ స్టూలు మీద కూసునే ఓపిక లేదు తమ్మీ."

అంతే. ఆ తరువాత ఒక్క చుక్క కూడా నా పెదవి దాటలేదు. ఇది బడాయి కాదు, సత్తవ్వను అడగండి.

రాష్ట్రం వచ్చిన రోజు కోరుట్ల వీధుల్లో కల్లు వాగై పారింది. నేను మజ్జిగ తాగి సాయంత్రం దాకా డప్పు కొట్టాను. ఆ తరువాత కొంతకాలానికి డాక్టరు చెప్పిన గోళీలు కూడా వచ్చాయి. కొన్ని నెలలు మింగాక పరీక్ష చేసి, నెత్తురులో వైరస్ లేదన్నారు. పరుగున లచ్చవ్వ దగ్గరికి పోయాను.

"అక్కా, రోగం పోయింది."

"అయితే ఇగ తాగుతవా?"

"వద్దన్నరు. వైరస్ పోయినా లివరుకు పడ్డ మచ్చ పోదట. ఆర్నెల్లకోసారి స్కానింగు తీయాలె, చుక్క ముట్టద్దు, ఎప్పటికి."

"మరి ఏం మారిందని ఉరుకొచ్చినవ్? కూసో" అని సీసా అందుకుంది.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. చలికాలం జ్వరం, ఊపిరితిత్తులు, రెండు రోజులు. దుకాణం తడకలు తీసేశారు. ఇప్పుడక్కడ టైర్ల షాపు. నేను మాత్రం ఉన్నాను. ఆర్నెల్లకోసారి చల్లటి జెల్లు పొట్ట మీద పూయించుకుని, తెర మీద నా లివరు బూడిదరంగు మబ్బులా కదులుతుంటే చూస్తాను. పెండ్లిళ్లలో సీసా చేతికి ఇస్తే తీసుకుని, మొత్తం సాక పోసి, నవ్వుతాను. భక్తిపరుడని పేరొచ్చింది. దుకాణాల దగ్గర కళ్లు పసుపైన కుర్రవాళ్లు కనబడితే పక్కకు పిలిచి నెత్తురు పరీక్ష చేయించుకోమంటాను. ముసలోడికి పని లేదంటారు. కొందరు పోతారు కూడా. లచ్చవ్వ నన్ను ఆపింది కాబట్టి నేను ఇంకొకణ్ణి ఆపుతున్నాను, ఆమె నుంచి నాకు వచ్చింది అదే అని రాసి ఇక్కడికి ముగించి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

స్వరూప ఇప్పుడు జగిత్యాలలో కర్రీ పాయింటు నడుపుతోంది. తల్లి మీద రాసింది బిడ్డకు వినిపించాలి కదా అని నిన్న పోయాను. ఆమె బెండకాయలు కోస్తూ మొత్తం వింది. సిరిసిల్ల దగ్గర నవ్వింది. మంచం దగ్గర కత్తి కాసేపు ఆగింది. అయిపోయాక కళ్లు తుడుచుకుంటుందేమో అని చూశాను.

"మామా, ఒక్క సీసానా?" అన్నది.

"ఏంది?"

"మల్యాలల. ఒక్క సీసా అని రాసినవ్. గా ఎండకాలమంత తాగినవ్ గద. ఎప్పుడు సిరిసిల్ల పోయినా ఆడ దిగేటోనివి. మొకం కడుక్కొని, సోంపు నములుకుంట మా దుకాణానికి అచ్చేటోనివి. అమ్మకు మొదటి దినమే ఎర్కయింది."

నేను కాగితాలు మళ్లీ మడిచాను. "ఎర్కైతే ఎందుకడగలే?"

"అడిగితె నువ్వు మొకం సాటేస్తవని. ఇగ ఈడికి సుత రావని. నువ్వు తాగచ్చిన దినం సుత నాతోని మజ్జిగ సిలికిపిచ్చేది. 'ఆడ తాగిండు గదనే, మల్ల ఎందుకు?' అంటె, 'ఈడ కూసున్నంత సేపన్న తాగడు' అనేది." ఆమె బెండకాయ ముక్కలు గిన్నెలోకి తోసింది. "అమ్మ నిన్ను ఆపలే మామా. ఆమెతోని కాలే. తెల్సి గూడ దినాం సీసా నింపి పెట్టింది, గంతే. రాస్తె గది రాయి."